మధ్యధరా ఒక్కసారి ఎండితే అంత ఉప్పు రాదు

సంపాదకులకు నమస్కారం.

మధ్యధరా సముద్రం సుమారు 55 లక్షల ఏళ్ల కిందట ఎండిపోయిన వైనం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. 1970లో గ్లోమార్ ఛాలెంజర్ నౌక సముద్రం అడుగున రంధ్రాలు వేసినప్పుడు జిప్సం, రాతి ఉప్పు బయటపడిన సంగతి తెలుగులో అంత వివరంగా రావడం అరుదు. మా ముఖ్యమైన పేచీ ఒక్క వాక్యంతోనూ, దాని పక్కన వేసిన బొమ్మతోనూ. మధ్యధరాను అట్లాంటిక్‌తో కలిపే జిబ్రాల్టర్ జలసంధి తలుపు మూసుకుపోయింది, గిన్నెలో నీళ్లు ఇగిరినట్టు సముద్రం ఇగిరిపోయింది, అడుగున రెండు కిలోమీటర్ల మందాన ఉప్పు మిగిలింది అన్నారు. లెక్క వేస్తే ఇది కుదరదు. ఎందుకు కుదరదో చెప్పడానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం, కలం చాలు. పురాతన సముద్రాల్లో నీరు ఎలా తిరిగింది, అందులో ఏమేం కరిగి ఉండేవి అని కంప్యూటర్‌లో లెక్కల నమూనాలు కట్టేవాళ్లు కూడా ముందు ఈ కాగితం లెక్కే వేసుకుంటారు.

నేటి మధ్యధరా విస్తీర్ణం సుమారు 25 లక్షల చదరపు కి.మీ. అందులో నీరు సుమారు 37 లక్షల ఘన కి.మీ. అంటే సగటు లోతు 1,500 మీటర్ల చిల్లర. ఘనమీటరు సముద్రపు నీటిలో మనం తినే ఉప్పు సుమారు 29 కిలోలు ఉంటుంది. రాతి ఉప్పుగా గడ్డకడితే అది పదమూడున్నర లీటర్ల చోటు పడుతుంది. ఈ లెక్కన కిలోమీటరు లోతు నీరు పూర్తిగా ఇగిరితే దిగేది 13.5 మీటర్ల ఉప్పు. మొత్తం సముద్రం చుక్క మిగలకుండా ఎండినా సగటున 20 మీటర్లు. మధ్యధరా కింద ఉన్న ఉప్పు దాదాపు 10 లక్షల ఘన కి.మీ. దాన్ని సముద్రమంతా సమానంగా పరిస్తే 400 మీటర్ల పొర అవుతుంది. లోతైన చోట్ల పోగుపడింది కాబట్టే అక్కడక్కడా కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల మందం కనబడుతోంది. 400కు 20 ఎక్కడ? సముద్రం ఇరవైసార్లు నిండి ఇరవైసార్లు ఎండాలి, లేదా ఎండుతున్నంతసేపూ కొత్త ఉప్పునీరు వచ్చి పడుతూనే ఉండాలి. అంటే తలుపు పూర్తిగా మూసుకోలేదు. కథలోని ముడి అంతా ఆ ఓరవాకిలి దగ్గరే ఉంది.

అందుకే నమూనా మొదలయ్యేది జలసంధి జమాఖర్చుతో. మధ్యధరా మీద కురిసే వాన, నదులు తెచ్చే నీరు కలిపినా ఆవిరికి సరిపోవు. ఏటా 0.6 మీటర్ల లోటు అనుకుందాం. 25 లక్షల చదరపు కి.మీ. మీద అది 1,500 ఘన కి.మీ., అంటే సెకనుకు సుమారు 47,500 ఘనమీటర్లు. మన లెక్కలో దాదాపు 17 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, ఇంచుమించు ఆ స్థాయి గోదావరి ఏడాది పొడవునా, రాత్రీ పగలూ గాలిలో కలిసిపోతున్నట్టు. ఆ లోటు పూడ్చడానికి అట్లాంటిక్ నీరు జిబ్రాల్టర్ పై పొరలో లోపలికి వస్తుంది. లోపల ఉప్పదనం పెరిగి బరువెక్కిన నీరు అదే జలసంధి అడుగు పొరలో బయటికి పోతుంది. ఒకే ద్వారం, పైన రాక, కింద పోక.

1900లో డెన్మార్క్ శాస్త్రవేత్త మార్టిన్ నుడ్‌సెన్ రాసిన రెండు పద్దులు ఇక్కడ చాలు. నీటి పద్దు: వచ్చేది లోంచి పోయేది తీసేస్తే మిగిలేది నికర ఆవిరి. ఉప్పు పద్దు: ఆవిరి ఉప్పును తీసుకెళ్లదు కాబట్టి వచ్చే ఉప్పు, పోయే ఉప్పు సమానం. అట్లాంటిక్ నీటిలో కిలోకు 36.2 గ్రాములు, బయటికి పోయే నీటిలో 38.4 గ్రాములు అని పెట్టండి. తేడా 2.2. పోయే నీరు = ఆవిరి × 36.2 ÷ 2.2, అంటే ఆవిరికి సుమారు 16 రెట్లు, సెకనుకు 7.8 లక్షల ఘనమీటర్లు. వచ్చేది 8.3 లక్షలు. జలసంధిలో పరికరాలు దింపి కొలిచినవాళ్లకు వచ్చిన అంకె కూడా దీని చుట్టుపక్కలే ఉంటుంది. పురాతన సముద్రం జోలికి పోయే ముందు ఏ నమూనా అయినా ఈ పరీక్ష నెగ్గాలి. నేటి సముద్రాన్నే చూపలేని నమూనా 55 లక్షల ఏళ్ల నాటి దాన్ని చూపిందంటే నమ్మవద్దు.

ఇప్పుడు ఇదే సూత్రంలో లోపలి ఉప్పదనం పెంచుకుంటూ పోండి. జిప్సం దిగడం మొదలవ్వాలంటే కిలోకు సుమారు 145 గ్రాములు కావాలి. తేడా 109 అవుతుంది. పోయే నీరు ఆవిరిలో మూడో వంతుకు తగ్గాలి. రాతి ఉప్పు దిగాలంటే సుమారు 350 గ్రాములు, పోయే నీరు తొమ్మిదో వంతు. పదహారు రెట్లు, మూడో వంతు, తొమ్మిదో వంతు: ఈ మూడు అంకెలు పట్టుకుంటే మెస్సీనియన్ ఉప్పు సంక్షోభం (మధ్యధరాలో ఈ ఉప్పంతా పడిన ఘట్టానికి పేరు) కథలో సగం పట్టుకున్నట్టే. బయటికి పోయే ప్రవాహం ఆవిరిలో తొమ్మిదో వంతు కంటే కాస్త ఎక్కువ ఉన్నా ఎన్ని లక్షల ఏళ్లు గడిచినా ఆ సముద్రంలో ఉప్పు గడ్డకట్టదు.

రసాయనం ఎందుకు ముఖ్యమో నౌపడాలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సముద్రపు నీరు సుమారు 3 బోమే డిగ్రీల (ఉప్పునీటి చిక్కదనాన్ని కొలిచే డిగ్రీలు) దగ్గర మొదలవుతుంది. ముందు సున్నపు అంశం దిగుతుంది. పదమూడు డిగ్రీల చుట్టుపక్కల నుంచి జిప్సం పెచ్చులు కడుతుంది. ఇది నీళ్లు చిక్కబరిచే మడుల్లోనే అడుగున ఉండిపోతుంది. 25 దాటాక నీటిని ఉప్పు పండే మడుల్లోకి వదులుతారు. 29 దగ్గరకు రాగానే మిగిలిన చేదు నీళ్లను బయటికి తోలేస్తారు, లేకపోతే మెగ్నీషియం కలిసి ఉప్పు చేదెక్కుతుంది, నిలవ ఉంచితే నీరు కారుతుంది. మెట్ల క్రమం ఇదే అని 1849లో ఉసీలియో అనే శాస్త్రవేత్త మధ్యధరా నీటినే ఇగర్చి కొలిచి చూపాడు. నీరు నాలుగో వంతుకు తగ్గితే జిప్సం, పదో వంతుకు తగ్గితే ఉప్పు. మడుల్లో గమనించాల్సింది ఇంకొకటుంది. జిప్సం ఒక మడిలో, ఉప్పు మరో మడిలో దిగడానికి కారణం నీటిని కదిలించడం. కదలకుండా ఒకే మడిలో ఇగర్చితే రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి.

వాటి పాళ్లు కూడా లెక్క కట్టవచ్చు. ఘనమీటరు సముద్రపు నీటిలో కాల్షియం సుమారు 420 గ్రాములే. జిప్సం కాల్షియం, సల్ఫేటు కలిసిన ఖనిజం కాబట్టి సల్ఫేటు దండిగా ఉన్నా కాల్షియం అయిపోతే అది ఆగిపోతుంది. సున్నపు అంశంగా ముందే దిగింది పోగా దిగే జిప్సం ఒక కిలోన్నర పైచిలుకు, చోటు లెక్కన 0.7 లీటరు. ఉప్పు 13.5 లీటర్లు. గిన్నెలో ఇగిరితే జిప్సం ఒక పాలు, ఉప్పు దాదాపు ఇరవై పాళ్లు రావాలి. కానీ సంక్షోభం మొదటి దశలో, అంటే 59.7 లక్షల ఏళ్ల నాటి నుంచి 56 లక్షల ఏళ్ల నాటి వరకు, స్పెయిన్‌లోని సోర్బాస్‌లోనూ, ఇటలీలోని వేనా దెల్ జెస్సోలోనూ వందల అడుగుల జిప్సం దొంతరలు పడ్డాయి, వాటి మధ్య ఉప్పు పొర లేదు. ఇరవై పాళ్ల ఉప్పు ఏమైనట్టు? కాల్షియం లోపల దిగిపోయింది, సోడియం, క్లోరిన్ అడుగు ప్రవాహంలో తిరిగి అట్లాంటిక్‌కు పోయాయి. చేదు నీళ్లు తోలేసినట్టే. జిప్సం మాత్రమే ఉన్న చోట బయటికి ప్రవాహం ఉండి తీరాలి. మీ బొమ్మలో లేని బాణం అదే.

మరి ఆ బాణం సన్నబడటానికి జలసంధిలో ఏం జరగాలి? జలసంధి అడుగున మిట్ట ఒకటి ఉంటుంది, దాన్ని గడప అందాం. జిబ్రాల్టర్‌లో నేడు ఆ గడప మీద నీటి లోతు సుమారు 280 మీటర్లు, జలసంధి ఇరుకైన చోట వెడల్పు సుమారు 14 కి.మీ. గడప మీదుగా రెండు పొరలు ఎదురెదురుగా పారేటప్పుడు ఎంత నీరు పారగలదన్నది లోతు, వెడల్పు, రెండు నీళ్ల బరువుల తేడా మీద ఆధారపడుతుంది. దీన్ని ఉప్పు పద్దుతో కలిపి సాధిస్తే వచ్చే ఫలితం చిన్నదే: గడప మీద లోతు సగమైతే లోపలా బయటా ఉప్పదనంలో తేడా రెట్టింపవుతుంది. వెడల్పు సగమైతే మాత్రం 1.6 రెట్లే. నేటి 2.2 తేడా 109 కావాలంటే యాభై రెట్లు పెరగాలి. వెడల్పు అలాగే ఉంచితే గడప మీద ఆరడుగుల మనిషికి మూడు నిలువుల లోతు మిగలాలి, అంటే ఐదారు మీటర్లు. వెడల్పు పదో వంతుకు తగ్గితే 26 మీటర్లు చాలు. ఇంత సన్నటి సందులో సముద్రమట్టం పది మీటర్లు అటూ ఇటూ కదిలినా, నేల ఏటా మిల్లీమీటరు చొప్పున లేచినా లోపలి రసాయనం తలకిందులవుతుంది. ఇంకొక మాట. ఆనాటి ద్వారాలు స్పెయిన్ దక్షిణాన బెటిక్, మొరాకో ఉత్తరాన రిఫ్ అనే రెండు మార్గాలు. అవి ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ వచ్చాయి. జిబ్రాల్టర్‌ను నేటి ఆకారంలోనే ఆనాటికి పెట్టేయడం కొత్తగా నమూనాలు కట్టేవాళ్లు తరచూ చేసే పొరపాటు.

కాలం సంగతి. లోపలి నీటి మొత్తాన్ని బయటికి పోయే ప్రవాహంతో భాగిస్తే, ఏదైనా మార్పుకు సముద్రం సర్దుకోవడానికి పట్టే సమయం తెలుస్తుంది. నేడు 150 ఏళ్లు. జిప్సం దశలో 7,500 ఏళ్లు. ఉప్పు దశకు చేరువలో 21,000 ఏళ్లు. భూమి అక్షం తిరుగుడుతో ఆఫ్రికా రుతుపవనాలు బలపడి, సన్నగిల్లే చక్రం కూడా 21,000 ఏళ్లదే. మొదటి దశలో జిప్సం, బంకమట్టి పొరలు పదహారు, పదిహేడు జతలుగా పడటానికి కారణం ఈ చక్రమే అంటారు. కానీ సముద్రం సర్దుకోవడానికి 7,500 ఏళ్లు పడితే వానల ఊపు యథాతథంగా ఉప్పదనంలో కనబడదు. ఊపు నలభై శాతానికి తగ్గుతుంది, శిఖరం దాదాపు 4,000 ఏళ్లు ఆలస్యంగా వస్తుంది. జిప్సం పొర మధ్యభాగాన్ని వానలు బాగా తగ్గిన కాలంతో కచ్చితంగా జత కట్టి వయసు నిర్ణయిస్తే ఆ 4,000 ఏళ్లు తప్పు పోతాయి.

ఇదే అంకె కంప్యూటర్‌లో ఇంకో తంటా తెస్తుంది. లెక్కలో ఒక్కో అడుగు ఎన్నేళ్లు? కాలం లక్షల ఏళ్లు కదా అని వెయ్యేళ్ల అడుగు పెడితే, జలసంధి వెడల్పుగా ఉన్న తొలి భాగంలో సర్దుకునే సమయం 150 ఏళ్లే కాబట్టి ఉప్పదనం ఒక అడుగులో పైకి, మరుసటి అడుగులో సున్నా కిందికి గంతులేస్తుంది. అది చూసి వాతావరణంలో ఏదో చక్రం దొరికిందని మురిసిపోకూడదు. అడుగు 15 ఏళ్లకు తగ్గిస్తే ఆ చక్రం మాయమవుతుంది. సర్దుకునే సమయంలో పదో వంతుకు మించకుండా అడుగు వేయడం మంచి అలవాటు.

రసాయనం లెక్కకు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా ఇచ్చే ‘ఫ్రీక్’ (PHREEQC) ప్రోగ్రామ్ ఎక్కువగా వాడతారు. విద్యార్థులు ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. కిలో నీటిలో 55.5 మోల్‌ల నీరు ఉంటుంది. పదో వంతుకు ఇగర్చాలంటే 50 మోల్‌లు తీసేయాలి. ఒక్క దెబ్బకు తీస్తే లెక్క కలవక ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. అర మోల్ చొప్పున వంద అడుగుల్లో తీయండి. ప్రోగ్రామ్‌తో వచ్చే మామూలు దత్తాంశ పట్టిక బావి నీళ్లకు, నదులకు పనికొస్తుంది. చిక్కటి ఉప్పునీటిలో అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఒకదానితో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, అక్కడ పిట్జర్ సమీకరణాల పట్టిక వాడాలి. మామూలు పట్టికతో నడిపినా అంకెలు వస్తాయి, తప్పని ప్రోగ్రామ్ గట్టిగా అరిచి చెప్పదు, అదే ప్రమాదం. జిప్సం, అన్‌హైడ్రైట్ (నీరు లేని జిప్సం), హాలైట్ (రాతి ఉప్పు), కాల్సైట్ (సున్నపు ఖనిజం) దిగవచ్చని చెప్పి డోలమైట్‌ను (కాల్షియం, మెగ్నీషియం కలిసిన సున్నపు ఖనిజాన్ని) మాత్రం ఆపేయండి. ఆపకపోతే మొదటి అడుగులోనే డోలమైట్ దిగిపోయి కాల్షియం పద్దు మొత్తం చెడగొడుతుంది. సిద్ధాంతం ప్రకారం అది దిగాలి, సముద్రంలో మాత్రం మామూలుగా దిగదు. ఆనాటి సముద్రపు నీరు నేటి నీరు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. కాల్షియం కొంత ఎక్కువ, మెగ్నీషియం, సల్ఫేటు కొంత తక్కువ.

ఇక ఆవిరి. చాలా నమూనాలు ఏటా ఇంత అని ఒక అంకె పెట్టి చివరిదాకా దాన్నే లాగుతాయి. వానాకాలంలో వంటింటి జాడీలో రాళ్లుప్పు చెమర్చడం అందరం చూసిందే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచే నీటిని లాక్కుంటుంది. తిరగేసి చెబితే, ఉప్పుతో నిండిన సముద్రం మీద తేమ 75 శాతం ఉంటే ఒక్క చుక్క ఆవిరి కాదు. తేమ 65 శాతం అనుకున్నా మామూలు సముద్రం మీద వచ్చే ఆవిరిలో సుమారు మూడో వంతే వస్తుంది. అప్పుడు వాన, నదులు కలిపి ఆవిరిని మించిపోతాయి, లోటు మిగులుగా మారుతుంది. అంటే నీరు చిక్కబడేకొద్దీ తనను తానే ఆపుకుంటుంది. ఈ పట్టు నమూనాలో పెట్టకపోతే ఉప్పు అతి తేలిగ్గా దిగిపోతుంది.

ఆ పట్టు లేకుండా చూడండి ఎంత ముచ్చటగా కుదురుతుందో. 56 నుంచి 55.5 లక్షల ఏళ్ల నాటి రెండో దశ 50,000 ఏళ్లు. బయటికి పోక పూర్తిగా ఆగి, ఆవిరికి సరిపడా 1,500 ఘన కి.మీ. అట్లాంటిక్ నీరు ఏటా వస్తోందనుకుంటే, అది తెచ్చే ఉప్పు గట్టిపడితే ఏటా 20 ఘన కి.మీ. 50,000 ఏళ్లకు 10 లక్షల ఘన కి.మీ. సరిగ్గా అడుగున ఉన్నంత! ఇంత అందంగా కుదిరిన లెక్కను అనుమానించాలి. ముందుగా, నీరు నాలుగు రెట్ల నుంచి పది రెట్ల చిక్కదనానికి చేరడానికే 15,000 ఏళ్లు పోతాయి, అప్పటిదాకా ఉప్పు దిగదు. దానికి తోడు, పైన చెప్పినట్టు ఆవిరి తగ్గుతుంది. 20 అనేది గరిష్ఠం, అసలు వేగం అందులో ఎంతో తక్కువ.

అక్కడే సముద్రమట్టం పడిపోవడం అక్కరకొస్తుంది, కానీ గిన్నె కథలో చెప్పిన పద్ధతిలో కాదు. ముందే పది రెట్లు చిక్కబడిన నీటి మట్టం కిలోమీటరు పడిపోతే 13 మీటర్లకు బదులు సుమారు 130 మీటర్ల ఉప్పు దిగుతుంది. ముందు ఓరవాకిలితో నింపడం, తర్వాత ఎండగట్టడం. 2024 నవంబరులో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పరిశోధన క్లోరిన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) ఆధారంగా ఇలాంటి రెండంచెల కథే చెప్పింది. మొదటి 35,000 ఏళ్లు నిండు సముద్రంలోనే తూర్పు భాగంలో ఉప్పు దిగింది. ఆ తర్వాత 10,000 ఏళ్ల లోపు మట్టం పడిపోయి అంతటా దిగింది. పడిపోయిన ఎత్తు పడమట సుమారు 850 మీటర్లు, తూర్పున 1,700 నుంచి 2,100 మీటర్లు. మీ వ్యాసం రెండో అంచెను మాత్రమే చెప్పి మొదటిదాన్ని వదిలేసింది.

తూర్పు, పడమరల మధ్య అంత తేడా ఎలా వచ్చింది? మధ్యలో సిసిలీ దగ్గర ఇంకో గడప ఉంది. మట్టం దాని కిందికి దిగగానే సముద్రం రెండు చెరువులవుతుంది. అట్లాంటిక్ నుంచి కారే నీరు పడమటి చెరువుకే దక్కుతుంది, తూర్పుది నైలు మీద బతకాలి. ఒకే పెట్టెగా సముద్రాన్ని తీసుకున్న నమూనాలో ఇది కనబడదు. కనీసం తూర్పు, పడమర, ఒక్కోదానికి పై పొర, అడుగు పొర అని నాలుగు పెట్టెలు కావాలి. అడుగు పొర ఎందుకంటే, చిక్కటి నీరు కిందికి దిగి కదలక నిలిచిపోతుంది, ప్రాణవాయువు అయిపోతుంది, అక్కడి బ్యాక్టీరియా సల్ఫేటును తినేస్తాయి. సల్ఫేటు లేనిదే జిప్సం లేదు. మొదటి దశ జిప్సం లోతు తక్కువ అంచుల్లోనే దొరకడానికి దీన్నొక కారణంగా చెబుతారు. మట్టం పడేకొద్దీ విస్తీర్ణం ఎలా తగ్గుతుందో చెప్పే పట్టికను నేటి సముద్రపు లోతుల నుంచి నేరుగా తీసుకోవడం మరో పొరపాటు. తర్వాత పడిన ఒండ్రునూ, ఆ ఉప్పునూ తీసేసి, బరువు తగ్గినందుకు అడుగు ఎంత లేస్తుందో సరిదిద్దాకే ఆ పట్టిక పనికొస్తుంది.

కళ్లముందు జరిగిన ఉదాహరణ కావాలంటే కాస్పియన్ పక్కన ఉన్న కారా బోగాజ్ గోల్ ఉంది. సన్నటి పాయలోంచి కాస్పియన్ నీరు లోపలికే వస్తుంది, తిరిగి పోదు. 1980లో ఆ పాయకు అడ్డుకట్ట వేస్తే కొద్ది ఏళ్లలోనే అఖాతం ఎండి ఉప్పు దుమ్ము లేచింది, 1992లో కట్ట తెంచారు. గిన్నెలా మూసేస్తే ఏమవుతుందో, ఓరగా వదిలేస్తే ఏమవుతుందో రెండూ అక్కడ చూడవచ్చు.

వ్యాసం చివర మూడో దశలో ‘సముద్రం మంచినీటి సరస్సుగా మారింది, స్ట్రాన్షియం ఐసోటోపులు అదే చెబుతున్నాయి’ అని ఉంది. సగం నిజం. ఆనాటి మహాసముద్రంలో స్ట్రాన్షియం 87, 86ల నిష్పత్తి సుమారు 0.7090. మూడో దశలో పడిన పై పొరల జిప్సంలో అంతకంటే తక్కువ, 0.7087 చుట్టూ దొరుకుతుంది. నదుల వల్లే ఆ తగ్గుదల. కానీ లీటరు సముద్రపు నీటిలో స్ట్రాన్షియం 8 మిల్లీగ్రాములు, నదిలో 0.2 అనుకోండి, నది నిష్పత్తి 0.7070 అనుకోండి. రెండు నీళ్లూ సగం సగం కలిపినా వచ్చేది 0.70895, అంటే తేడా కనీకనబడదు. 0.7087కు దిగాలంటే నది నీరు 88 శాతం కలవాలి. ఈ గుర్తు నది నీరు బాగా ముంచెత్తితే తప్ప పలకదు. పలకలేదు కాబట్టి నదులు లేవనడం, పలికింది కాబట్టి సముద్రపు నీరు అసలు రాలేదనడం రెండూ పొరపాటే. పాత జిప్సం కరిగి మళ్లీ కలిస్తే ఆ లెక్క మరో రకంగా చెడుతుంది. ఉప్పునీటి గవ్వలు పోయి ఉప్పదనం తక్కువైన నీటిలో బతికే గవ్వలు, ఆస్ట్రాకాడ్‌లు అనే చిన్న పెంకు జీవులు వచ్చాయన్నది ఇంకా నికరమైన సాక్ష్యం.

53.3 లక్షల ఏళ్ల నాటి జలప్రళయం గురించి మీరు రాసినదాంట్లో అతిశయోక్తి లేదు. 2009లో వచ్చిన లెక్క ప్రకారం ఉధృతి సెకనుకు పది కోట్ల ఘనమీటర్లకు చేరి ఉండవచ్చు. 1986 గోదావరి వరదకు ధవళేశ్వరం దగ్గర నమోదైన 35 లక్షల క్యూసెక్కులకు అది వెయ్యి రెట్లు. అయితే అది గడప ఎంత వేగంగా కోసుకుపోయిందన్న ఊహ మీద నిలబడిన అంకె. రాతి గట్టిదనం కొద్దిగా మార్చినా గరిష్ఠ ఉధృతి ఎన్నో రెట్లు మారుతుంది.

ఈ వ్యాసాన్ని పుస్తకంగానో, ఆన్‌లైన్‌లోనో మళ్లీ వేసేటప్పుడు బొమ్మ మార్చమని మనవి. ఒకటికి మూడు బొమ్మలు వేయండి. మొదటిదాంట్లో జలసంధి దగ్గర లోపలికి లావు బాణం, బయటికి దాదాపు అంతే లావు బాణం. రెండోదాంట్లో లోపలికి నాలుగు పాళ్లు, బయటికి ఒక పాలు, అంచుల్లో జిప్సం. మూడోదాంట్లో లోపలికి సన్న బాణం, బయటికి ఏమీ లేదు, సిసిలీ గడపకు అటూ ఇటూ రెండు వేర్వేరు మట్టాలు, అడుగున ఉప్పు. ఉప్పు మందం నిలువు కొలత వేరే కొలమానంలో ఉందని పక్కన రాయండి, లేకపోతే ఆ పొర సముద్రమంత లోతుగా కనబడుతుంది.

భవదీయులు,
సముద్ర, భూరసాయన శాస్త్రాల అధ్యాపకులు కొందరు,
విశాఖపట్నం